ఆకాశం కింద విచారణ

ఉద్యోగం నుంచి దిగిపోయాక నాకు మధ్యాహ్నం నిద్ర అలవాటైంది. పూర్తి నిద్ర కాదు. కళ్ళు మూసుకున్నా ఫ్యాను చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. దాని వెనక నుంచి ఎప్పుడో తిరిగిన దారులు ఒకటొకటిగా వస్తాయి. ఎర్రమట్టి బాటలు, ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టుండే బండల గుట్టలు, కోసేసిన జొన్నచేలు. నేను పుట్టింది నల్లగొండ వైపు. పనిచేసిందంతా పాలమూరులో. కష్టంలో ఉన్న పిల్లల ఇళ్ళకు వెళ్ళడం, ఆ ఇల్లు ఆ పిల్లకు నీడగా ఉందో లేదో చూడడం, లేకపోతే ఉండేలా చేయడానికి చేతనైనంత సాయపడడం, ఇదీ నా ఉద్యోగం.

ఈ మధ్య ఆ పనిలోనే కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు మా ఇంటికి వచ్చారు. "మేడమ్, మీకు బాగా గుర్తుండిపోయిన కేసు చెప్పండి" అని అడిగారు. చాయ్ పెట్టి ఇచ్చాను, ఆ మాటా ఈ మాటా చెప్పి పంపించాను. వాళ్ళు వెళ్ళాక గుర్తొచ్చింది ఇల్లు లేని ఇంటికి నేను వెళ్ళిన సంగతి. అమ్మాయిలూ, ఆ రోజు చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను.

జిల్లాలు విడిపోయిన కొత్తలో జరిగింది. ఎవరి ఫైళ్ళు ఎవరి దగ్గరున్నాయో, ఏ ఊరు ఏ జిల్లాకు పోయిందో మాకే సరిగా తెలియని రోజులు. మంచి బండ్లన్నీ కొత్త ఆఫీసులకు వెళ్ళిపోయి, మాకు ఒక ముసలి జీపు మిగిలింది. దానికి పైన కాన్వాసు గుడ్డే కప్పు. దాని డ్రైవరు కూడా దాదాపు దాని వయసు వాడే. బండిని మనిషిలాగా పలకరించేవాడు, మనుషులతో మాత్రం పొదుపుగా మాట్లాడేవాడు.

మోదుగులు పూస్తున్నాయి. ఒక రోజు పొద్దున ఆఫీసుకు వెళ్ళేసరికి మెట్ల పక్కన ఒకామె కూర్చుని ఉంది. అరవై దాటి ఉంటాయి. కుర్చీలో కూర్చోమంటే వద్దంది. నేనే కిందికి వంగి ఆమె పక్కన కూర్చున్నాను.

"అమ్మా, నా మనుమరాలిని నాకు ఇప్పియ్యుండ్రి" అంది.

"ఎవరి దగ్గరుంది?"

"తండ్రి కాడనే ఉంది. తండ్రైతే ఏంది? గొర్ల ఎంట తిప్పుతాండు. ఆడపిల్ల. ఇల్లు లేదు, బడి లేదు. సలిల, మంచుల, మొగులు కింద పండవెడుతాండు."

మొగులంటే మావైపు ఆకాశమే. ఆ మాట ఆమె తిట్టులాగా అంది.

అంతకు ముందటి వానాకాలంలో ముసురు పట్టింది. రోజుల తరబడి ఎండ మొహం చూడలేదు. నానిపోయిన మట్టి గోడలు చాలా ఊళ్ళలో కూలాయి. ఈమె కూతురు ఇంటి గోడ కూడా కూలింది. కూతురు ఆ మట్టి కింద పోయింది. పక్కనే పడుకున్న తొమ్మిదేళ్ళ పిల్ల మీద మాత్రం ఒక దూలం అడ్డంగా పడి, మట్టి పడకుండా ఆపింది. తండ్రి ఆ రోజు ఊళ్ళో లేడు, మందతో ఎక్కడో దూరాన ఉన్నాడు.

"పొద్దుగాల మట్టి తీసి సూస్తే పిల్లకు ఒక్క గీత గూడ గాలే. దేవుడు సల్లగ సూసిండు" అంది ఆమె. "దినాలయినంక నా ఇంటికి తెప్పిచ్చుకున్న. మా కొడుకు కట్టిన స్లాబ్ ఇల్లమ్మా, సున్నం గూడ ఏసినం. పిల్ల ఒక్క రోజు ఉన్నదో లేదో, తెల్లారేటప్పటికి ఉరికింది. పోయి పోయి తండ్రి మందల కలిసింది. అల్లుడు పిల్ల మనసు ఇరిసిండు. మా మీదికెల్లి ఇరిసిండు."

కళ్ళు తుడుచుకోలేదు. నీళ్ళు వాటంతట అవే ఎండిపోయాయి.

మా ఆఫీసరు సారు విన్నాడు. మంచివాడే, కానీ భోజనం వేళకు అన్ని సమస్యలూ తీరిపోవాలనుకునే మనిషి. "ఇందులో చూడడానికి ఏముంది? ఒక పక్క పక్కా ఇల్లు, ప్రేమగా చూసే అమ్మమ్మ. ఇంకో పక్క గొర్ల మంద. పిల్లను తెచ్చి అప్పజెప్పండి" అన్నాడు. నాకూ అప్పుడు అది నిజమే అనిపించింది. కాయితం మీద ఆ రెండిళ్ళను పక్కపక్కన పెడితే ఎవరికైనా అట్లాగే అనిపిస్తుంది.

ఇట్లాంటి వాటిలో తీర్పు చెప్పేది బాలల సంక్షేమ సమితి. దాని పెద్దగా అప్పుడు ఒక రిటైరైన టీచరమ్మ ఉండేది. తక్కువ మాట్లాడేది. "తండ్రిని కూడా పిలవండి. పిల్లను కళ్ళారా చూడకుండా నేను ఏమీ చెప్పను" అంది.

అట్లా మేం మందను వెతుక్కుంటూ బయలుదేరాం.

ఊళ్ళో ఉన్న మనిషిని వెతకడం వేరు, నడుస్తూ ఉన్న మనిషిని వెతకడం వేరు. మక్తల్ దాటి కృష్ణ వైపు వెళ్ళాం. చాయ్ హోటళ్ళ దగ్గర, బోరింగుల దగ్గర అడిగాం. "మొన్న ఈ చేన్ల ఆపిన్రు," "నిన్న పొద్దుగూకంగ గా వాగు దాటిన్రు" అని చెప్పేవాళ్ళు. మేం వెళ్ళేసరికి అక్కడ ఎవరూ ఉండేవాళ్ళు కాదు. గొర్ల గిట్టల గుర్తులు, ముళ్ళకు తగులుకున్న ఉన్ని, మూడు రాళ్ళ మధ్య బూడిద మాత్రం ఉండేవి. ఒక కలలో ఎవరినో పిలుస్తుంటే వాళ్ళు వెనక్కి తిరక్కుండా ముందుకు వెళ్తూ ఉంటారే, అట్లా ఉంది ఆ ప్రయాణం. డ్రైవరు మాత్రం, "ఫికర్ జేయకుండ్రి మేడమ్. గొర్లు మనకంటె మెల్లగనే నడుస్తయి" అన్నాడు.

మంద కంటే ముందు దాని దుమ్ము కనిపించింది. ఎండ వాలుతోంది. దుమ్ము బంగారు రంగులో ఉంది. దాని లోపల నుంచి గంటల చప్పుడు, మేకపిల్లల అరుపు, ఎవరో నాలుక అంగిలికి తాకించి చేసే టక్ టక్ శబ్దం. జీపు వెళ్ళే దారి అయిపోయింది. చెప్పులు చేత పట్టుకుని చేలకడ్డంగా నడిచాను.

పల్లికాయ పీకేసిన చేను అది. దాని మధ్యలో ఒక పిల్ల ఒంగి కూర్చుని, మట్టిలో మిగిలిన కాయలు ఏరుకుంటోంది. పెద్దవాళ్ళ స్వెట్టరు వేసుకుంది, దాని చేతులు మడిచి ఉన్నాయి. రెండు జడలు, ఒకటి చెవి పైన, ఒకటి చెవి కింద. నన్ను చూసి లేచింది. గుప్పిట తెరిచి కాయలు చూపించింది. నేను తీసుకున్నాను. ఇద్దరం కాసేపు ఒలుచుకుని తిన్నాం. పచ్చి మట్టి వాసన.

"జడలు ఎవరేసిన్రు?" అని అడిగాను.

"నాయిన."

తండ్రి దూరం నుంచే చూసి వచ్చాడు. భుజం మీద గొంగడి, చేతిలో కట్టె. బక్కపలచని మనిషి. నేను ఎవరో చెప్పగానే కట్టె కింద పెట్టేశాడు, ఏదో తప్పు దొరికినట్టుగా.

ఇల్లు చూడడానికి వెళ్ళినప్పుడు ఏమేం చూడాలో మాకు నేర్పుతారు. గదులెన్ని, గాలి వస్తుందా, నీళ్ళెక్కడివి, పిల్ల ఎక్కడ పడుకుంటుంది. నేను ఆ చేను నాలుగు వైపులా చూశాను. గాలి వస్తోంది. నీళ్ళు వాగులో ఉన్నాయి. పిల్ల పడుకునే చోటు చూపించమంటే తండ్రి మంద మధ్యలో పరిచిన గోనెసంచి చూపించాడు. గొర్లు చుట్టూ పడుకుంటాయట. చలి తగలదట. నవ్వొచ్చింది, నవ్వలేదు. పిల్ల చేతులు, గోళ్ళు, కళ్ళు చూశాను. కడుపు నిండా తింటున్న పిల్లే. గుంపులో వంట చూసుకునే ఒక పెద్దమ్మ పిల్లకు నూనె రాస్తుందని, రొట్టె మొదట పిల్లకే పెడుతుందని తెలిసింది.

"పిల్లను అమ్మమ్మ కాడికి ఎందుకు పంపలే?" అని తండ్రిని అడిగాను.

"నేను వద్దనలేదమ్మా. నా చేతులతోని తీస్కపోయి దింపి వచ్చిన. పిల్లనే ఉరికొచ్చింది." కట్టె మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "మా అత్త ఏమన్నదో ఏమో మరి. బిడ్డ పాయె, నువ్వెట్ల మిగిల్తివి అని అన్నదో ఏమో. పిల్లను అడిగితే చెప్పది. నేను మల్ల మల్ల అడగలే."

ఆమె తప్పు అతనిదనుకుంటోంది, అతను ఆమెదనుకుంటున్నాడు. పిల్లేమో ఎవరితోనూ ఏమీ అనలేదు.

సమితి ముందుకు రావాలని చెప్పాను. మందను గుంపులో వాళ్ళకు అప్పజెప్పి, గొంగడి దులుపుకుని అతను బయలుదేరాడు. పిల్ల కూడా మా వెంట జీపు దాకా సంతోషంగానే నడిచింది. జీపు దగ్గర ఆగిపోయింది. వెనక తలుపు తీశాడు డ్రైవరు. ఆమె లోపలికి చూసింది. పైన కాన్వాసును చూసింది. ఒక్కొక్క అడుగే వెనక్కి వేసింది.

"నేను నడ్సి వస్త" అంది.

"పాలమూరు దాకనా?" అన్నాను.

"ఆఁ."

తండ్రి నేల చూపులు చూస్తూ అన్నాడు. "పైన కప్పుంటె కూసోదమ్మా. బస్సు గూడ ఎక్కది. ఏం గాలి సోకిందో అని తాయత్తు గూడ కట్టిచ్చిన."

ఎత్తుకుని కూర్చోబెడదామా అని ఒక క్షణం అనిపించింది నాకు. ఆ మాట నా నోటి నుంచి రాకముందే డ్రైవరు జీపు చుట్టూ తిరుగుతూ తాళ్ళు విప్పడం మొదలుపెట్టాడు. ఏళ్ళ తరబడి విప్పని ముళ్ళు. పళ్ళతో లాగాడు. కాన్వాసును చాపలాగా చుట్టి వెనక పడేశాడు. జీపు ఉత్త ఇనుప కడ్డీలతో మిగిలింది.

"ఇప్పుడు ఎక్కుతవా బేటీ?" అన్నాడు.

పిల్ల ఎక్కింది.

ఆ ప్రయాణం నాకు ఇప్పటికీ సగం నిద్రలో వస్తుంది. కడ్డీ పట్టుకుని నిలబడిన పిల్ల, గాలికి ఊడిపోయిన జడలు. రోడ్డు పక్క నుంచి జనం మమ్మల్ని వింతగా చూస్తున్నారు. తుమ్మ కొమ్మలు తల మీద నుంచి వెళ్ళిపోతున్నాయి. కొంగలు ఒక వరుసలో కృష్ణ వైపు ఎగురుతున్నాయి, మేం వాటికి ఎదురుగా వెళ్తున్నాం.

దారిలో ఒక కల్వర్టు దగ్గర చాయ్‌కి ఆపాం. డ్రైవరు హోటల్ దాకా వెళ్ళాడు. పిల్ల వెనక సీటు మీద వెల్లకిలా పడుకుని పైకి చూస్తోంది. నేనూ పక్కన ఒరిగి పైకి చూశాను. ఒక్క మబ్బు తునక కూడా లేదు.

"గిది పడదు" అంది పిల్ల.

"ఏది?"

వేలు పైకి పెట్టి చూపించింది. "గిదే. మొగులు. గిది మీద పడదు గద."

ఆమే చెప్పింది, పైకి చూస్తూనే, ఎవరి గురించో చెప్తున్నట్టు.

"ఇల్లు పడ్తది. అమ్మ నన్ను పిలిచింది. మట్టిలకెల్లి పిలిచింది. నేను ఆఁ అన్న. మల్ల పిలిచింది. మల్ల ఆఁ అన్న. మల్ల పిలువలే."

తండ్రి కల్వర్టు గోడ మీద కూర్చుని ఉన్నాడు. విన్నాడు. భుజం మీది గొంగడి తల మీదికి లాక్కుని, మొహం కనబడకుండా కప్పుకున్నాడు. చాయ్ వచ్చింది, చల్లారిపోయింది. ఒక్క గీత కూడా పడలేదు అని ఊరంతా సంబరపడ్డ పిల్లను, లోపల ఏం కూలిందని ఎవరమూ అడగలేదు.

ఆ రాత్రి తండ్రీ కూతుళ్ళు మా ఆఫీసు ఆవరణలోనే పడుకున్నారు. మర్నాడు సమితి. గదిలో కుర్చీలు, టేబులు, ఫ్యాను అన్నీ సిద్ధంగా ఉన్నాయి. పిల్ల గేటు దాటి లోపలికి వచ్చింది కానీ మెట్లు ఎక్కలేదు. నేను లోపలికి వెళ్ళి టీచరమ్మకు సంగతి చెప్పాను. ఆమె కళ్ళజోడు తీసి టేబులు మీద పెట్టి, "అయితే మనమే బయటికి పోదాం" అంది.

సారుకు అది నచ్చలేదు. "బయటనా? ఎండలోనా? ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు?" అన్నాడు. అంటూనే తన కుర్చీ తానే మోసుకుని వచ్చాడు. ఆవరణలో వేపచెట్టు ఉంది. దాని కింద నీడకు పిల్ల అభ్యంతరం చెప్పలేదు. కాకులు పైనుంచి తమ తీర్పు తాము చెప్తున్నాయి. సారు చొక్కా మీద ఒక తీర్పు పడింది కూడా. ఆ రోజు మేం నవ్విన ఒకే ఒక్క సందర్భం అది. పిల్ల కూడా నవ్వింది.

అమ్మమ్మ వచ్చింది. మనవరాలిని చూసి దగ్గరికి తీసుకోబోయి, అల్లుణ్ణి చూసి ఆగిపోయింది.

"అడుగుండ్రి అమ్మా ఈయనను" అంది టీచరమ్మతో. "నా ఇంట్ల ఏం తక్కువయిందని పిల్లను గుంజుకపోయిండో అడుగుండ్రి."

అతనికి కోపం రావాల్సింది. రాలేదు. అత్త ముందు చేతులు కట్టుకుని నిలబడి, నిన్న కల్వర్టు దగ్గర విన్నది విన్నట్టు చెప్పాడు. అమ్మ పిలిచింది, పిల్ల ఆఁ అంది, మళ్ళీ పిలిచింది. చివరి మాట మాత్రం చెప్పలేకపోయాడు. చెప్పనక్కర లేకపోయింది.

అమ్మమ్మ ఉన్న చోటే కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది. తన కూతురు చివరి మాటలు ఆమె అప్పుడే మొదటిసారి వింటోంది. కొంగు తీసి మనవరాలి వైపు తిరిగింది.

"గందుకే ఉరికినవా బిడ్డా నా ఇంట్లకెల్లి? గది స్లాబ్ ఇల్లు తల్లీ. గది పడదు."

పిల్ల నింపాదిగా అంది. "మా ఇల్లు గూడ పడదని అమ్మ జెప్పింది."

సారు జేబురుమాలుతో చొక్కా మీద అప్పటికే పోయిన మరకను మళ్ళీ తుడుచుకుంటూ ఉండిపోయాడు.

టీచరమ్మ ముగ్గురినీ దగ్గర కూర్చోబెట్టుకుని మాట్లాడింది. పిల్ల బడికి వెళ్ళాలి, మంద వెంట తిరిగితే కుదరదు. అందుకని అమ్మమ్మ ఊళ్ళోనే ఉంటుంది. కానీ ఇంట్లోకి రమ్మని ఎవరూ బలవంతం చేయకూడదు. బయటే పడుకుంటుంది. తండ్రి దూరం వెళ్ళకుండా, వానలు పడి స్థిమితపడేదాకా ఆ ఊరి చుట్టుపక్కలే ఉండాలి. "నీకు కష్టమైతది, తెలుసు" అంది అతనితో. మంద ఒక్కచోట ఉంటే మేత ఎక్కడిది? అతను, "నా పాలికొచ్చిన గొర్లల్ల శానమట్టుకు మా అన్నోల్లకు అప్పజెప్త. కొన్ని నా కాడ ఉంచుకుంట" అన్నాడు. అమ్మమ్మ అల్లుణ్ణి చూడకుండానే, "మా ఇంటి ఎనక జాగా ఉంది. దొడ్డి కట్టుకోమనుండ్రి" అంది. కోపం పోయిందని చెప్పడానికి ఆమెకు ఆ మాటే దొరికింది.

పిల్లను చూసుకునే బాధ్యత నాది. పాలమూరు పెద్ద దవాఖానలో మనసు సంగతులు చూసే డాక్టరు ఒకతను ఉండేవాడు. చిన్నవాడు, ఓపిక ఉన్నవాడు. పిల్లతో ఆవరణలోనే నడుస్తూ మాట్లాడాడు. "తోయొద్దు, లాగొద్దు. ఎంత దగ్గరికి వస్తే అంతే చాలు అన్నట్టుండండి. ఆమె లోపల ఇంకా ఆ గోడ పడుతూనే ఉంది. అది ఆగేదాకా మనం ఆగాలి" అన్నాడు.

ఆగడం ఎంత కష్టమో మా వాళ్ళకు తెలియదు. మా ఆఫీసులో ఒకమ్మాయి, చాలా మంచి మనసు, అమ్మమ్మ ఇంటి గదిలో బొమ్మలు పెడితే పిల్ల తనే వస్తుందని ఒక సంచి నిండా బొమ్మలు పట్టుకొచ్చింది. పిల్ల గడప బయట నిలబడి, కట్టెతో ఒక్కొక్క బొమ్మనే నెమ్మదిగా బయటికి లాక్కుంది. మా ఆఫీసు అమ్మాయి మొహం చూడాల్సింది. అమ్మమ్మ నవ్వాపుకోలేక, "అది గొర్లోల్ల పిల్ల. మీరు ఇంట్లకు తోల్తె తోలబడ్తదా?" అంది.

బడిలో పంతులు పిల్లను వరండా అంచున, నీడా ఎండా కలిసే చోట కూర్చోబెట్టాడు. బోర్డు సరిగా కనబడదని తలుపు తీసేయించి, పాఠం చెప్పేటప్పుడు తనే గుమ్మంలోకి వచ్చి నిలబడేవాడు.

నేను వారం పది రోజులకోసారి వెళ్ళేదాన్ని. వెళ్ళిన ప్రతిసారీ వాకిట్లో మంచం ఎక్కడుందో చూసేదాన్ని. మొదట వాకిలి మధ్యలో ఉండేది, గోడలన్నిటికీ దూరంగా. పిల్ల మంచం పక్కనే అమ్మమ్మ మంచం. సున్నం వేసిన గదులు ఖాళీగా ఉండేవి. "మా కోడలు నవ్వుతాంది. ఇల్లు కట్టిచ్చుకుని బయట పండే ముసల్దాన్ని నన్నే సూసిందట" అని చెప్పేది ఆమె. కానీ ఒక సంగతి ఇంకా చెప్పింది. ఆకాశం కింద పడుకున్నప్పుడు పిల్ల ఆమెతో మాట్లాడుతుందట. పోయినామె గురించి ఇద్దరూ చెప్పుకుంటారట. చిన్నప్పుడు ఎట్లుండేదో అమ్మమ్మ చెప్తుంది, పెద్దయ్యాక ఎట్లుండేదో పిల్ల చెప్తుంది. ఇంటి లోపల ఉన్నన్నాళ్ళు అమ్మమ్మకు ఆ మాటలు ఎవరితోనూ చెప్పుకునే వీలు దొరకలేదు.

ఎండలు ముదిరాయి. గచ్చులన్నీ పొగలు కక్కుతున్నాయి. ఒకసారి వెళ్ళేసరికి మంచం కొద్దిగా ఇంటి వైపు జరిగి ఉంది. ఎవరు జరిపారని నేను అడగలేదు.

ఆ పిల్ల ఇప్పుడు పెద్దదైంది. పట్నంలో హాస్టల్లో ఉండి నర్సు చదువు చదువుతోంది. ముసురు పట్టినప్పుడు ఇప్పటికీ నిద్ర పట్టదట, తండ్రికి ఫోన్ చేస్తుందట. కేసు పూర్తిగా బాగైపోయింది అని మనం రాసేస్తాం కానీ మనుషులు అట్లా ఉండరు. ఇంతకీ నేను చెప్పాలనుకున్నది ఆ మొదటి వాన రోజు.

రోహిణి ఎండలు పోయి మృగశిర వచ్చింది. ఆ రోజు నేను వెళ్ళింది కూడా అనుకుని వెళ్ళలేదు. నారాయణపేటలో ఇంకో పని చూసుకుని వస్తూ, దారే కదా అని ఆగాను. పగలే ఒక్కసారిగా చీకటైంది. పడమటి నుంచి గాలి లేచి దుమ్ము, ఆకులు, ఎవరివో ఆరేసిన చీరలు అన్నీ ఒకే దిక్కుకు పరుగెత్తాయి. అమ్మమ్మ వాకిట్లో మంచాలు లేపుతోంది. మంచం లేపేసిన చోట పిల్ల నిలబడి ఉంది.

మొదటి చినుకులు పెద్దవి. ఎర్రమట్టిలో గుంటలు పడేంత పెద్దవి. వాసన లేచింది. ఆ వాసనకు నాకు ఎప్పుడూ ప్రాణం లేచి వస్తుంది. పిల్ల మొహం మాత్రం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. మాకందరికీ వాన పడుతోంది, ఆమెకు మాత్రం ఆ గోడే మళ్ళీ పడుతోంది.

నేను వసారాలో ఉన్నాను. రమ్మని పిలుద్దామని నోరు తెరిచి మూసుకున్నాను. అమ్మమ్మ మంచం వదిలేసి మనవరాలి పక్కకు వెళ్ళి నిలబడింది. వాన పెరిగింది. ఇద్దరూ తడుస్తున్నారు. ఎందుకో నాకు వసారాలో నిలబడబుద్ధి కాలేదు. నేనూ దిగాను. ముగ్గురం వాకిట్లో నిలబడ్డాం, ఎవరి కోసమో ఎదురు చూస్తున్నట్టు.

అతను వచ్చాడు. ఎక్కడి నుంచి ఉరికొచ్చాడో, కాళ్ళు మోకాళ్ళ దాకా మట్టి. గొంగడి కూడా లేదు. వచ్చి కూతురి ముందు కూలబడి, ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

అమ్మమ్మకు దగ్గు తెర వచ్చింది. మామూలుగానే ఉన్న దగ్గు, తడిసేసరికి ఆగలేదు. పిల్ల ఆమె వైపు చూసింది.

"అవ్వా, లోపటికి పో. నీకు దమ్ము లేస్తది."

"నువ్వు లేంది నేను పోను" అంది ఆమె, దగ్గుతూనే.

పిల్ల ఇంటి వైపు చూసింది. తండ్రి వైపు చూసింది. తర్వాత చాలా మామూలుగా అడిగింది.

"నాయినా, గోడ పడకుంట పట్టుకుంటవా?"

నేను అతని వైపు చూడలేకపోయాను. ఆ ముసురు రోజు తను ఇంట్లో లేకపోవడం అతన్ని ఎంత తినేస్తోందో నాకు తెలుసు. స్లాబ్ ఇంటి గోడను మనిషి పట్టుకునే పని ఏమిటని ఎవరైనా అనవచ్చు. అతను అనలేదు. లేచి ఇంటి పక్కకు వెళ్ళాడు. కాళ్ళు ఎడంగా వేసి, మట్టిలో పాదాలు కుదుర్చుకుని, రెండు అరచేతులూ గోడకు ఆనించాడు. బలమంతా పెట్టాడు. మెడ నరాలు కనిపించాయి.

"పట్టుకున్న బిడ్డా. పో."

పిల్ల అమ్మమ్మ వేలు పట్టుకుంది. వసారా మెట్టు ఎక్కింది. గడప దగ్గర ఆగి వెనక్కి చూసింది. అతను అట్లాగే ఉన్నాడు, వాన తల మీద నుంచి, వీపు మీద నుంచి కారిపోతూ. ఆమె గడప దాటింది.

లోపల నుంచి అమ్మమ్మ దగ్గు, తువ్వాలు దులిపిన చప్పుడు, పెట్టె మూత తీసిన చప్పుడు వినిపించాయి. పిల్ల మాట మాత్రం వినిపించలేదు. నేను వసారాలోకి వెళ్ళి గోడకు ఆనుకుని కూర్చున్నాను. వాన ఒక తెరలాగా వచ్చి, ఇంకో తెరలాగా వెళ్ళి, మళ్ళీ వచ్చింది. నా కళ్ళు మూతలు పడుతున్నాయి. అదే గోడకు అవతలి పక్క ఒక మనిషి నిలబడి ఉన్నాడని వీపుకు తెలుస్తూనే ఉంది.

ఎంతసేపటికో వాన సన్నబడింది. చూరు చుక్కలు మిగిలాయి. అమ్మమ్మ పొడి చీర కట్టుకుని బయటికి వచ్చింది. ఇంటి పక్కకు వెళ్ళి అల్లుణ్ణి చూసింది. అతను చేతులు ఇంకా గోడ నుంచి తీయలేదు.

"వాన పోయింది గద. ఇగ సాలు, చేతులు దియ్" అంది.

"పిల్ల చెప్పనీ అత్తా" అన్నాడు అతను.

లోపల కిటికీ తలుపు తెరుచుకుంది. పొడి బట్టల్లో, అమ్మమ్మ తువ్వాలు తలకు చుట్టుకుని, పిల్ల కిటికీ ఊచలు పట్టుకుని తండ్రిని చూసింది. గది పైకప్పును ఒకసారి చూసి, మళ్ళీ అతన్ని చూసింది.

"ఇగ ఇడిసిపెట్టు నాయినా" అంది. "నిలబడ్డది."